శిలువ గీసిన రొట్టె

చర్చి తాళంచెవుల గుత్తి మేకుకు లేదు.

ముప్పై ఏళ్లుగా అది వేలాడిన చోట, క్యాలెండరు పక్కన, ఇనుము రాసుకుని పడిన నల్లటి చార మాత్రం ఉంది. గుత్తి భోజనాల బల్ల మీద ఉంది. దాని ముందు యాకోబు కూర్చుని ఉన్నాడు, చేతులు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని.

"ఎవరు తియ్యమన్నరు దాన్ని?" అంది యేసమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి.

"పన్నెండింటికి ఉదయ్ కుమార్ సారు వస్తడంట. ఫేబ టీచర్ గూడ. అడగకముందే చేతికిస్తే మర్యాదగ ఉంటదని."

"ఎవరి మర్యాద?"

యాకోబు ఒక చెయ్యి తీసి గుత్తిని బల్ల అంచు నుంచి లోపలికి జరిపాడు.

"నిన్నే అడుగుతున్న. ఎవరి మర్యాద? తాళాలు తీసి బల్ల మీద పెడితే ఏమైతది? మా ఇంటామె దొంగనే అని నువ్వు సంతకం పెట్టినట్టైతది."

"గంత మాట ఎందుకంటవ్."

"నేను అంటలే. మూడు రోజులసంది కాలనీ అంత అంటుంది."

మే నెల రెండో వారం. పదకొండు గంటలకే వీధిలో మనిషి అలికిడి లేదు. ఫ్యాను తిరుగుతున్నా గాలి పొయ్యి మీది నుంచి వచ్చినట్టే వస్తోంది. యేసమ్మ పొద్దున ఐదింటికే వంట ముగించి కిటికీ రెక్కలు మూసేసింది. సగం చీకటిలో గుత్తిలోని తాళంచెవులు మాత్రం మెరుస్తున్నాయి.

గోడవారన చాప మీద కూర్చున్న నిస్సి ఫోను చూసి, తల్లిని చూసి, ఫోను బోర్లించింది. డిగ్రీ ఆఖరి ఏడాది పరీక్షలు రాసి వచ్చిన పిల్ల. ఇంటికి వచ్చిన రోజు నుంచి ఇదే గోల.

"ఇంకేం పెట్టిండ్రు?" అంది యేసమ్మ.

"ఏం లేదమ్మా."

"చదువు."

"వద్దులే."

"చదువుమన్న గద."

నిస్సి గొంతులో ఏ భావమూ లేకుండా చదివింది. "'ప్రభువు శరీరాన్ని టమాటల్లో పిసికి పసిపిల్లలకు తినిపించిన వారిని సంఘం ఊరికే వదలకూడదు. ఇటలీ తెలివి ఇటలీలోనే ఉంచుకోవాలి.' దీనికి పద్దెనిమిది మంది దండం బొమ్మలు పెట్టిండ్రు."

"పద్దెనిమిది మంది." యేసమ్మ లెక్కపెట్టినట్టుగా అంది. "వాళ్లల్ల ఆరుగురి పిల్లలు సోమవారం రెండోసారి పెట్టుమని గిన్నె పట్టుకుని నా దగ్గరికి వచ్చిండ్రు."

అది నిజం. సోమవారం నుంచి కాలనీ చర్చిలో పిల్లల సెలవుల బైబిలు తరగతులు మొదలయ్యాయి. నిరుడు ఇదే తరగతుల్లో రేకుల షెడ్డు కింద వండిన కిచిడీ మధ్యాహ్నానికి పులిసి, తొమ్మిది మంది పిల్లల్ని దవాఖానకు మోశారు. ఈసారి వంట ఎవరు చేస్తారంటే ఎవరూ చెయ్యి ఎత్తలేదు. యేసమ్మ ఎత్తింది. పొయ్యి వెలిగించకుండా పెడతానంది.

తొమ్మిదేళ్లు ఆమె ఇటలీ దక్షిణపు కొసన, పూల్యా అనే ప్రాంతంలో, ఒక చిన్న ఊళ్లో దొనాత అనే ముసలామెకు ఊడిగం చేసింది. యేసమ్మ నోట ఆమె దొనాతమ్మ అయింది. అక్కడి ఎండలు మెదక్ ఎండల కంటే నాలుగు మెట్లు తక్కువేమో గానీ, రాతి ఇళ్లు, నీటి కరువు, మధ్యాహ్నం కుక్కలు కూడా కదలని వీధులు అన్నీ ఇక్కడివే. ఆ ఊళ్లో ఆడవాళ్లు ఎండాకాలం తెల్లవారకముందే వండేస్తారు. వంకాయ ముక్కలు వేయించి వెనిగరు, పుదీనా చల్లి మూతపెడతారు. ఉడికిన అన్నం చల్లార్చి కీరా, బీన్సు కలుపుతారు. ఏదీ మళ్లీ వేడి చెయ్యరు. ఇక మధ్యాహ్నం ఆకలికి, మూడు రోజుల కిందటి గట్టి రొట్టె. దాన్ని నీళ్లల్లో ఒక్కసారి ముంచి తీసి, మీద టమాట పిండి, ఉల్లిగడ్డ, ఉప్పు, నూనె వేస్తారు. ఆ వంటకం పేరుకు అర్థమే నీళ్లూ ఉప్పూ అని. పొలం పనివాళ్ల తిండి అది.

కూలికి పోయే తన తల్లి సద్ది ముంతలో ఏం ఉండేదో యేసమ్మకు తెలుసు. అందుకే ఆ ముసలామె వంట ఆమెకు పరాయిది అనిపించలేదు.

సోమవారం అరవై మంది పిల్లలకు అదే పెట్టింది. పదిహేను రొట్టెలు. పిల్లలు బుగ్గల మీద టమాట గింజలతో నవ్వుతుంటే ఫేబ టీచర్ ఫోటోలు తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. వంటింట్లో యేసమ్మ రొట్టె కోస్తున్న ఫోటో కూడా పెట్టింది. "మా యేసమ్మక్క చల్లని చేతులు" అని కింద రాసింది.

మంగళవారం పాస్టరయ్య చర్చి లోపలి గదిలో అల్మారా తెరిచాడు. ఆదివారం ప్రభు భోజనంలో క్రీస్తు శరీరంగా విరిచి పంచడానికి పెట్టిన రెండు రొట్టెల్లో ఒకటి విరవకుండా మిగిలింది. మంచం పట్టిన సభ్యుల ఇళ్లకు తీసుకెళ్లడానికి దాన్ని అక్కడ ఉంచి తాళం వేయించాడు. చూస్తే రొట్టె లేదు.

ఆ సాయంత్రం ఎవరో ఆ ఫోటోను పెద్దది చేసి చూశారు. యేసమ్మ చేతిలోని రొట్టె మీద శిలువ గీత ఉంది. ప్రభు భోజనం రొట్టె మీద పాస్టరయ్య కత్తి మొనతో గీస్తాడే, అలాంటిది.

అల్మారా తాళంచెవి, చర్చి కాపలా చూసే యేసమ్మ మొగుడు యాకోబు దగ్గర ఉంటుంది. ఇక ఎవరికీ వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"నాకొకటి చెప్పు" అంది యేసమ్మ, కుర్చీ లాగి కూర్చోకుండా దాని వీపు పట్టుకుని. "గా పదిహేను రొట్టెలు ఎవరు తెచ్చిండ్రు?"

"నేనే."

"ఏడికెళ్లి?"

"బస్టాండ్ కాడి బేకరీకెళ్లి. నీకు తెల్వదా."

"నాకు తెలుసు. నీకు తెలుసు. సైకిల్ మీద నువ్వే కట్టుకొచ్చినవ్. మిద్దె మీద నువ్వే ఆరబెట్టినవ్. మంగళవారం రాత్రి కమిటీల ఉదయ్ కుమార్ అడిగితే గీ మాట ఎందుకు చెప్పలే?"

యాకోబు చూపు తాళంచెవుల మీదే ఉంది.

"నాయినా, జవాబు చెప్పు" అంది నిస్సి. "నేను గ్రూపుల రాస్తా అంటే వద్దంటివి. అమ్మ పాస్టరయ్య దగ్గరికి పోతా అంటే వద్దంటివి. నువ్వైతే నోరిప్పవు. మాకేం అర్థమైతలేదు."

"నాలుగు దినాలైతే అదే సల్లబడ్తది, బిడ్డా."

"ఏం సల్లబడ్తది?" యేసమ్మ గొంతు పెరగలేదు. కుర్చీ మాత్రం నేలకు గీసుకుని చప్పుడు చేసింది. "నేను ఇరవై ఏండ్లు గా చర్చి నేల తుడిచిన. తొమ్మిదేండ్లు పరాయి దేశంల ముసలామె మలమూత్రాలు ఎత్తి పంపిన పైసలల్లకెళ్లి గా గంటకు కొత్త ఇనుప దూలం వేయించిన. నిన్న బోరింగ్ కాడ నన్ను చూసి బిందెలు పక్కకు జరుపుకున్నరు. దొంగ అంటే పడుదు. దేవుని రొట్టె దొంగ అంటున్నరు. నువ్వేమో సల్లబడ్తది అంటవ్."

యాకోబు లేచి కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచాడు. తాను తాగలేదు. తెచ్చి ఆమె ముందు బల్ల మీద పెట్టి మళ్లీ కూర్చున్నాడు.

ఆమె ఆ గ్లాసును ముట్టుకోలేదు.

* * *

పెరటి తలుపు గొళ్లెం చప్పుడైంది.

"ఓ యేసమ్మా. ఉన్నవా, ఎండకు కరిగిపోయినవా?"

కిష్టవ్వ. డెబ్బై దాటిన మనిషి. నెత్తి మీద తడిగుడ్డ, కొంగులో మూటకట్టిన సబ్జా ఆకులు. రెండు రోజులకోసారి తమ ఇంటి వెనక మొక్కల నుంచి తెంపి తెస్తుంది. దొనాతమ్మ పెరట్లోని ఆకుకు దగ్గరి వాసన ఉన్నది మెదక్‌లో యేసమ్మకు దొరికింది ఇదొక్కటే.

"గీ ఆకు మా మేకలు గూడ ముట్టవు. మీ ఇటలీ వాళ్లు ఎట్ల తింటరో" అంటూ వెనక వసారాలో గోడకు ఆనుకుని కూలబడింది కిష్టవ్వ.

మొగుడు పోయాక ముప్పై ఏళ్లు ఆమె చర్చి ఆవరణ ఊడ్చి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. పెద్ద కొడుకు జనార్దన్ సిమెంటు షాపు పెట్టి, వార్డులో నలుగురు వెనక తిరిగే స్థాయికి వచ్చాక ఆ పని మాన్పించాడు. అయినా ప్రతి ఆదివారం వస్తుంది. చర్చి గడప బయట, చెప్పుల పక్కన నిలబడి పాటలు వింటుంది. లోపలికి రమ్మంటే తల ఊపి నవ్వుతుంది. ఇంట్లో మాత్రం యేసమ్మను చూడ్డానికి పోతున్నానని చెబుతుంది.

ఆమెకు ఫోను లేదు. సంఘం గ్రూపు లేదు. ఈ మూడు రోజుల్లో యేసమ్మను ఎప్పటిలా పలకరించిన మొదటి మనిషి ఆమే.

యేసమ్మ అడగకుండానే బుట్టలోంచి రొట్టె తీసింది. బోర్లించి అడుగున కత్తి మొనతో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసింది. రొట్టెను రొమ్ముకు ఆనించి పట్టుకుని కత్తిని తన వైపుకు లాగుతూ కోసింది. దొనాతమ్మ అలాగే కోసేది. కొయ్యబోయే ముందు శిలువ గీయని రొట్టెను ఆ ఇంట్లో ఎవరూ తినరు.

మొదటి వేసవిలో యేసమ్మ గట్టిపడిన రొట్టెను చెత్తడబ్బాలో వేసింది. ముసలామె కర్ర పారేసి వంగి, దాన్ని స్వయంగా తీసి, తుడిచి, ముద్దుపెట్టుకుంది. నీళ్ల కింద పట్టి, సగం టమాట రుద్ది, ఉప్పు చల్లి యేసమ్మ నోటి దగ్గర పెట్టింది. అప్పటికి ఇద్దరికీ కలిసిన మాట ఒక్కటి లేదు. ఆ ముక్కతో కలిసింది.

"నువ్వు గూడ గీస్తవా?" అంది కిష్టవ్వ.

"ఏంది అవ్వా?"

"గదే, గీత. యాకోబు తెచ్చే రొట్టె మీద గూడ గిట్లనే ఉంటది."

కత్తి రొట్టె మధ్యలో ఆగింది.

"ఎప్పుడు ముక్కనే తెస్తుండె. మొన్న ఐతారం నిండు రొట్టె తెచ్చిండు. సగం తిన్న. సగం డబ్బల పెట్టుకున్న, రోజింత నోట్లేసుకుందామని." కిష్టవ్వ ముడతల మధ్య నుంచి సంతోషంగా చూసింది. "దేవుని రొట్టె గద. వానకాలం దాక రావాలె."

యేసమ్మ మిగతా సగం కోసింది. ముక్కను నీళ్లల్లో ముంచింది. టమాట పిండింది. ఉప్పు వేసింది. ఆకు తుంచి వేసింది. పళ్లెం కిష్టవ్వ చేతికిచ్చింది. ఆ పనులన్నీ చేతులే చేశాయి.

"నిస్సీ" అని పిలిచింది. "వచ్చి అవ్వ పక్కన కూసో. ఏదన్న ముచ్చట పెట్టు. గట్టిగ పెట్టు."

* * *

ఆమె హాల్లోకి వచ్చి నిలబడేసరికి యాకోబు ముఖం చూస్తే, అంతా విన్నాడని తెలుస్తోంది.

వసారాలోకి వినపడకూడదు. అందుకని ఇద్దరూ గుసగుసగా పోట్లాడారు. ముప్పై రెండేళ్ల కాపురంలో అంత చిన్న గొంతుతో అంత పెద్ద పోట్లాట ఎప్పుడూ జరగలేదు.

"ఎన్నేండ్లసంది?"

"పదేండ్లు. నువ్వు పోయిన మరుసటేడుసంది."

"పదేండ్లు."

"పాత పాస్టరయ్య ఉన్నప్పుడు మిగిలిన రొట్టె చెట్టు కింద మట్టిల కప్పుమంటుండె. అది నా పనే. ఒకనాడు గుంత తవ్వుతుంటే ఆమె చూసింది. 'మట్టికి పెడ్తవ్, నాకు పెట్టవా' అన్నది." యాకోబు అరచేతుల్లోకి చూసుకుంటూ చెప్పాడు. "బాప్తిస్మం లేనోళ్లకు ఇయ్యొద్దని నాకు తెలుసు. ఆమె తీసుకుందామంటే కొడుకు ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తనన్నడు. మరి గా ముసల్దాని ముందు రొట్టె మీద మట్టి ఎట్ల పొయ్యాలె? నాతోని కాలే."

"కొత్త పాస్టరయ్య దాచిపెట్టుమన్నడు గద ఈసారి."

"ఆమె చెప్పుల కాడ నిలవడి ఉండె. ఎప్పటిలెక్క. ముక్క కోస్తే తెలుస్తది. మొత్తమే పోతే కోతులు ఎత్తుకపోయినయంటరు అనుకున్న."

"తాళమేసిన అల్మారల కోతులా?"

యాకోబు సిగ్గుతో తల వంచుకున్నాడు. వేరే రోజైతే యేసమ్మకు నవ్వు వచ్చేదే.

"ఇచ్చినందుకు నాకు కోపం లేదు" అందామె. "విను మంచిగ. నేనున్నా ఇస్తుంటి. కానీ గా ఫోటో బయటపడ్డంక నీకేం తోచింది? యేసమ్మ రొట్టె బేకరీది అని చెప్తే, మరి ఆ రొట్టె ఏదని అడుగుతరు. అందుకే నోరు మూసుకున్నవ్. అంతేనా?"

"అంతే."

"కడవ మీద పెట్టినట్టు నన్ను మూత పెట్టినవ్."

"జనార్దన్‌కు తెలిస్తే ఆమె బతుకేమైతదో ఆలోచించు. తాళాల కోసం కాదు యేసమ్మా. తాళాలు పోతే పోనీ అని తీసి బల్ల మీద పెట్టిన గద."

"తాళాలు పెట్టినవ్. నా పేరు ఎవరి సొత్తని బల్ల మీద పెట్టినవ్?" ఆమె వేలు బల్లను ఒక్కసారి తట్టింది. "ఆమె బతుకు గురించి ఆలోచించినవ్. మంచిదే. నా బతుకు గురించి ఆలోచించనీకి నీకు తీరలేదు. దొనాతమ్మ అప్పటికి నాకు మూడు నెలలు తెలిసిన మనిషి. వాళ్ల కొడుకు ఉంగరం పోయిందని నా పెట్టె తెరిపిస్తే, కర్ర పట్టుకుని అడ్డం నిలవడ్డది. ముప్పై రెండేండ్ల మొగనివి నువ్వు. మూడు రోజులు నా పక్కన కూసుని బువ్వ తిన్నవ్."

"తినలే" అన్నాడు యాకోబు చాలా నెమ్మదిగా. "నువ్వు చూడలే. పళ్లెంల ఉన్నది ఉన్నట్టే కుక్కకు పెట్టిన."

ఆమె అతని మెడ దగ్గర ఎముకలు చూసింది. మూడు రోజుల్లో అవి కొంచెం పైకి తేలాయి. కోపం తగ్గలేదు. కానీ అది నిలబడే చోటు కొద్దిగా మారింది.

గేటు చప్పుడైంది.

* * *

ఉదయ్ కుమార్ చర్చి వ్యవహారాలు నడిపే పాస్టరేట్ కమిటీకి కార్యదర్శి. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయి ఉంది. ఫేబ టీచర్ అతని వెనక వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది. గొడుగు మూసే నెపంతో తల పైకెత్తలేదు.

"వందనాలు" అన్నాడు యాకోబు లేచి.

"వందనాలు. కూసో యాకోబూ." ఉదయ్ కుమార్ కుర్చీలో కూర్చుని గుత్తిని చూశాడు. అది తనకోసం తీసిపెట్టి ఉండటం అతనికి నచ్చినట్టుంది. "యేసమ్మా, పరేషాన్ గాకు. తప్పు ఒప్పుకుంటే పాస్టరయ్య ప్రార్థన చేసి ముగిస్తడు. నేనే మాట్లాడిన. తాళాలు మాత్రం ఇగ కమిటీ దగ్గర ఉంటయ్."

"ఏం తప్పు సార్?"

"మళ్ల మొదటికొస్తవేంది. ఊరంత చూసింది గద."

"నేను చూడలే. చూపియ్యుండ్రి."

అతను ఫేబ వైపు చూశాడు. ఆమె ఫోను తీసింది. యేసమ్మ ఆ ఫోను వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లి రొట్టె, కత్తి, టమాటల గిన్నె, నీళ్ల గిన్నె తెచ్చి బల్ల మీద వరసగా పెట్టింది. తాళంచెవుల గుత్తిని పక్కకు జరపలేదు. దాని చుట్టూ పెట్టింది.

"ఎండల వడ్డరు. తిని మాట్లాడుండ్రి" అంది.

రొట్టెను బోర్లించింది. నిలువు గీత. అడ్డ గీత. రొమ్ముకు ఆనించి కోసింది. ఒక ముక్క. రెండు. మూడు. నీళ్లల్లో ముంచి, టమాట పిండి, ఉప్పు, ఉల్లిగడ్డ, ఆకు వేసింది.

ఫేబ గొడుగు గోడకు ఆనించి దగ్గరికి వచ్చింది. పిల్లల కాపీలు దిద్దే కళ్లతో రొట్టె అడుగుభాగాన్ని చూసింది, ఫోటోను చూసింది. మళ్లీ రొట్టెను చూసింది.

"అక్కా, అన్నిటికీ గిట్లనే గీస్తవా?"

"గీయకుండ కొయ్యను. గా ముసలామె నేర్పింది. పదిహేనింటికీ గీసిన. నువ్వు ఫోటో తీసింది ఒక్కటే."

"పాస్టరయ్య గీత ఈ కొసకెళ్లి ఆ కొస దాక పోతది" అంది ఫేబ, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. "గిది సగంల ఆగుతది. ఫోటోల ఉన్నది గూడ సగంలనే ఆగింది." ఆమె ఫోను బల్ల మీద పెట్టేసింది. "సార్, ఇది అది కాదు. నేను చూసింది గిదే. నా ఫోటోతోని గింత మాట పుట్టింది. అక్కా, నేను గ్రూపుల రాస్త. ఇప్పుడే రాస్త."

నిలబడే ఆమె ఒక ముక్క తీసుకుని కొరికింది. నోటి నిండా తిండితో, కళ్ల నిండా నీళ్లతో వేళ్లు కదిలిస్తూ రాయసాగింది. మూడు రోజులకు యేసమ్మ మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

ఉదయ్ కుమార్ తన ముందు ముక్కను ముట్టలేదు.

"సరే. మీ రొట్టె మీదే అనుకుందాం" అన్నాడు. "మరి మా రొట్టె ఏది? అల్మారకు తాళం. తాళంచెవి గీ గుత్తిల. దానికి కాళ్లు వచ్చినయా?"

వెనక వసారాలో నిస్సి గట్టిగా చెబుతున్న ముచ్చట ఆగిపోయింది.

"యాకోబూ, నిన్నే."

యేసమ్మ మొగుడి వైపు తిరిగింది. సాయం చెయ్యలేదు, అడ్డు పడలేదు. చూస్తూ కూర్చుంది.

యాకోబు పెదవులు కదిలాయి. గుత్తిని చేతిలోకి తీసుకున్నాడు, కింద పెట్టాడు. అతని కంటికి ఒక వైపు భార్య, ఒక వైపు పెరటి తలుపు. "రొట్టె..." అన్నాడు. అక్కడే ఆగాడు.

ఆ ఆగడంలో యేసమ్మ కళ్లల్లో ఏదో ఆరిపోయింది. మళ్లీ అదే, అనుకుంది. ఇప్పుడు కూడా.

"నేను తిన్న సారూ."

కిష్టవ్వ వంటింటి గుమ్మం దగ్గర ఉంది. కడిగిన పళ్లెం రెండు చేతులతో పట్టుకుని, గడపకు అవతలే నిలబడింది. ఆమె భుజం పట్టుకుని ఆపబోయిన నిస్సి చెయ్యి గాలిలోనే ఉంది.

"పదేండ్లసంది తింటున్న. యాకోబును నేనే అడిగిన. ఆయన మట్టికి పెట్టేది నేను నోటికి పెట్టుకున్న." ఆమె పళ్లెం కొంచెం ముందుకు చాపింది. "సగం ఇంకా మా డబ్బల ఉంది. కావాలంటే తెచ్చిస్త. గీ యేసమ్మను మాత్రం ఏమనకుండ్రి. మూడు దినాలసంది గింత మాట పడ్డదని నాకిప్పుడే తెలిసింది."

ఉదయ్ కుమార్ ముఖంలో రంగు మారింది. "నువ్వు మనోళ్లల్ల మనిషివి కావు గద కిష్టవ్వా. నీకు ప్రభు భోజనమా?" అన్నాడు. తర్వాత యాకోబు వైపు తిరిగాడు. "దొంగతనమైతే మాఫీ ఉంటుండె. ఇది దొంగతనం కంటే పెద్దది. పదేండ్లు."

అతని చెయ్యి గుత్తి మీదికి వచ్చింది. కానీ అప్పటికే యేసమ్మ అరచెయ్యి దాని మీద ఉంది.

"చెయ్యి తియ్యి యేసమ్మా."

"తియ్యను. ముప్పై ఏండ్లు ఆమె ఊడ్చిన వాకిట్ల నడిచి మీరు లోపటికి పోయిండ్రు. ఒక్కరు, ఒక్కనాడు, వెనకకు తిరిగి చూడలే. రొట్టె పోయినంక చూస్తున్నరు." ఆమె తల తిప్పకుండా పిలిచింది. "అవ్వా, గడప కాడ నిలవడకు. ఇది నా ఇల్లు. లోపటికి రా."

కిష్టవ్వ కదలలేదు. అలవాటు ఆమె పాదాలను పట్టుకుంది.

కుర్చీ లాగింది ఫేబ. బల్ల దగ్గరికి, ఉదయ్ కుమార్ కుర్చీ పక్కకే లాగి, తన కొంగుతో ఒకసారి తుడిచింది. యాకోబు లేచి వెళ్లి ముసలామె మోచెయ్యి పట్టుకున్నాడు. "రా అవ్వా" అన్నాడు. "నేనే చెప్పాల్సింది. నువ్వు చెప్పినవ్." ఆ మాట అతను కిష్టవ్వతో అన్నా, చూపు మాత్రం భార్య మీద ఉంది. యేసమ్మ ఆ చూపును తీసుకోలేదు. తిప్పికొట్టలేదు కూడా.

కిష్టవ్వ గడప దాటింది.

ఉదయ్ కుమార్ లేచాడు. పక్కన ఆమె కూర్చుంటుండగా తాను కూర్చోలేకపోయాడు. ముట్టని రొట్టె ముక్క పళ్లెంలో నానుతోంది. చొక్కా జేబులోంచి ఫోను తీస్తూ, ఎవరితోనూ చెప్పకుండా, ఎండలోకి నడిచాడు.

యేసమ్మ గుత్తి మీది నుంచి చెయ్యి తీయకుండానే, రెండో చేత్తో టమాటలో తడిసిన ముక్క తీసి ముసలామె చేతిలో పెట్టింది.

"తిను అవ్వా. ఉప్పు సరిపోయిందా చూడు."

గేటు దగ్గర నుంచి ఉదయ్ కుమార్ గొంతు మూసిన కిటికీ రెక్కల్లోంచి స్పష్టంగా వచ్చింది. "హలో, జనార్దనా? షాపుల ఉన్నవా? జర యాకోబు ఇంటి కాడికి రా. మీ అమ్మ ఈడనే ఉంది. రా, వచ్చినంక చెప్త."

బల్ల దగ్గర అందరూ విన్నారు. కిష్టవ్వ చేతిలోని ముక్క నోటి దాకా వెళ్లి ఆగింది.

తర్వాత ఆమె నోరు తెరిచి, దాన్ని లోపల పెట్టుకుని, నెమ్మదిగా నమలసాగింది.